పెంచడం వేరు, పెంచుకోవడం వేరు: ఒక ఫోస్టర్ కేర్ కేసు

ఈ కేసులో పిల్లల పేర్లు, ఊరు, జిల్లా ఏవీ రాయడం లేదు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఒప్పుకోదు. ఒప్పుకున్నా నేను రాయను. అక్క, తమ్ముడు అని రాస్తాను. వాళ్లను పెంచినామెను పెద్దమ్మ అంటాను. ఆ పిలుపు కుదరడానికే మూడు నెలలు పట్టింది.

నేను తెలంగాణలో ఒక జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పనిచేస్తాను. ఆఫీసుల్లో డీసీపీయూ అంటారు. హోంలో పెట్టకుండా పిల్లలను ఎలా చూసుకోవచ్చు అన్నది నా సీటు పని. స్పాన్సర్‌షిప్ (సొంతవాళ్ల దగ్గరే ఉండే పిల్లలకు డబ్బు సాయం), ఫోస్టర్ కేర్ ఫైళ్లు నా దగ్గరికే వస్తాయి. వారానికి రెండు మూడు ఫోన్లు వస్తుంటాయి: "మేడం, పెంచుకోవడానికి ఒక పాపను ఇస్తారంట కదా?" నేను ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. పెంచుకోవడానికి ఇవ్వం, పెంచడానికి ఇస్తాం. పెంచుకోవడం అంటే దత్తత. పిల్ల మీ ఇంటి పిల్ల అవుతుంది, ఇంటిపేరు మారుతుంది, ఆస్తి హక్కు వస్తుంది. పెంచడం అంటే ఫోస్టర్ కేర్. పిల్ల మీ ఇంట్లో ఉంటుంది, మీరు తిండి పెడతారు, బడికి పంపుతారు, జ్వరం వస్తే రాత్రంతా కూర్చుంటారు. ఇంత చేసినా చట్టం దృష్టిలో ఆ పిల్ల ఇంకొకరి పిల్లే. ఇది చెప్పగానే పదిమందిలో తొమ్మిది మంది ఫోన్ పెట్టేస్తారు. ఈ కేసు ఆ పదో ఇంటిది.

పిల్లలు

2023 జనవరిలో ఒక రాత్రి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వచ్చింది. బస్టాండ్‌లో ఒకామె తనలో తాను మాట్లాడుకుంటోంది, దగ్గరికి పోతే చెప్పు విసురుతోంది, పక్కన ఇద్దరు పిల్లలున్నారు అని. మా వాళ్లు వెళ్లేసరికి పిల్లలు బెంచీ కింద నిద్రపోతున్నారు. పదకొండేళ్ల అక్క తన చున్నీ ఒక కొస తన నడుముకు, ఇంకో కొస ఏడేళ్ల తమ్ముడి నడుముకు కట్టి పడుకుంది. ఆ ముడి విప్పడానికి ఆ రాత్రి మా ఔట్‌రీచ్ వర్కర్‌కు అరగంట పట్టింది. పిల్ల ఒప్పుకోలేదు మరి.

మర్నాడు పిల్లలను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచాం. ఇలాంటి పిల్లలు ఎక్కడుండాలో తేల్చేది ఆ కమిటీయే. 24 గంటల్లోపు చేయాలని చట్టం. తల్లిని ముందు జిల్లా ఆసుపత్రికి, అక్కడినుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పంపారు. అక్కను బాలసదన్‌లో పెట్టారు. తమ్ముడిని అబ్బాయిల హోంలో పెట్టారు. రెండింటికీ మధ్య 40 కిలోమీటర్లు. చట్టమేమో అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కలిపి ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయమంటుంది. హోంలేమో ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. ఈ రెండింటికీ పొసగదు. నేను బాలసదన్‌కు పోయిన ప్రతిసారీ ఆ పిల్ల మొదటి మాట ఒకటే: "తమ్ముడు తిన్నడా?"

ఊరికి పోయి విచారణ చేశాను. తండ్రి రెండేళ్ల కింద బావి దగ్గర మోటారు షాక్ కొట్టి పోయాడు. తల్లి అప్పటినుంచే మారిపోయిందని ఊరు చెప్పింది. గాలి సోకిందని రెండు చోట్ల తిప్పారట గానీ ఒక్క డాక్టరుకూ చూపలేదు. అమ్మమ్మ ఉంది. ఆసరా పింఛను, రేకుల ఇల్లు, మోకాళ్ల నొప్పులు. బాబాయి ఉన్నాడు. "మా అన్న పిల్లలు, మేమే చూసుకుంటం" అన్నాడు. అంతకుముందు మూడు నెలలు చూసుకున్నాడు కూడా. బడి రిజిస్టరు తీయిస్తే, ఆ మూడు నెలలూ అక్క పేరు పక్కన అన్నీ గైర్హాజరే. పత్తి ఏరడానికి పోయింది.

బంధువులుంటే ముందు వాళ్లనే చూడాలి. అలా ఉంచినప్పుడు స్పాన్సర్‌షిప్ కింద డబ్బు సాయం ఇప్పించవచ్చు. ఇక్కడ బాబాయి ఇల్లు పనికిరాదని, అమ్మమ్మకు ఓపిక లేదని రాశాను. అమ్మమ్మ విషయంలో అప్పుడు నేను కొంచెం తొందరపడ్డానని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఇల్లు

ఆయన ఆర్టీసీ డ్రైవరు, 49 ఏళ్లు. ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, 44. ఒక్క కూతురు, పెళ్లయి పోయింది. ఇల్లు బోసిపోయిందని దత్తత కోసం మా దగ్గరికి వచ్చారు. దత్తతకు భార్యాభర్తల వయసు కలిపి చూస్తారు: రెండేళ్లలోపు బిడ్డకు 85 దాటకూడదు, నాలుగేళ్లలోపుకు 90. వీళ్లది 93. చంటిబిడ్డ రాదు. నాలుగేళ్లు దాటిన పిల్లల కోసం లైన్లో ఉండాలి. అప్పుడు నేనే ఫోస్టర్ కేర్ మాట ఎత్తాను. ఆయన నన్ను కాసేపు చూసి అన్నాడు: "మీరే ఇస్తరు, మళ్ల మీరే తీస్కపోతరు. గిదేం లెక్క మేడం?"

అంతే లెక్క అన్నాను. లేచి వెళ్లిపోయారు. ఇరవై రోజుల తర్వాత ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. "తీస్కపోయేటప్పుడు చెప్పి తీస్కపోతరు కదా?" అని అడిగింది. ఆ ప్రశ్నతోనే నా మనసులో సగం హోమ్ స్టడీ, అంటే పిల్లలను ఇచ్చే ముందు ఇంటిని చూసే పని, అయిపోయింది. పిల్ల పోతుందన్న సంగతి ఆమె ఇరవై రోజులు ఆలోచించి వచ్చింది.

మిగతా సగం కోసం మూడుసార్లు వెళ్లాను, ఒకసారి చెప్పకుండా. కాయితాలు మామూలే: ఆధార్, జీతం స్లిప్, మెడికల్ సర్టిఫికెట్లు, పోలీసు వెరిఫికేషన్, తెలిసినవాళ్లు ఇద్దరి మాట. కాయితాలకంటే నేను ఎక్కువ చూసేవి వేరు. బాత్రూం తలుపుకు లోపలి గడియ ఉందా, పిల్లలు ఎక్కడ పడుకుంటారు, సాయంత్రం ఇంటికి ఎవరెవరు వస్తుంటారు, ఆయన డ్యూటీ దిగొచ్చాక తాగుతాడా. తాగడు, కానీ గడియ లేదు. పెట్టించాక మళ్లీ రమ్మన్నారు. పెట్టించారు.

కూతురితో ఫోన్లో మాట్లాడాను. ఆమె సూటిగా అడిగింది: "రేపు ఆస్తిలో వాటా అడుగుతారా?" అడగలేరు, ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకు ఆ హక్కు రాదు అన్నాను. ఈ ప్రశ్న అడిగిన కూతురి మీద నాకు కోపం రాలేదు. పిల్లలు వచ్చి ఆరు నెలలయ్యాక అడిగితే గొడవయ్యేది.

అసలు పరీక్ష ఆయన తల్లి. 72 ఏళ్లు, అరుగు మీద కూర్చుంటుంది. నేను రెండోసారి వెళ్లినప్పుడు చెప్పు విడవకముందే అడిగింది: "ఏం కులపోల్లు?" నేను చెప్పలేదు. కానీ ఎక్కువ రోజులు దాచలేం కూడా. పిల్లల కుల ధ్రువీకరణ పత్రం వాళ్ల కన్నవాళ్ల కులం మీదే ఉంటుంది, బడిలో ఆ కాయితం అడుగుతారు. అందుకే భార్యాభర్తలిద్దరినీ లోపలికి పిలిచి చెప్పేశాను. పిల్లలు మాదిగ పిల్లలు, వీళ్లు కాదు. ఆయన తలూపాడు. ఆమె, "మా అత్తకు నేను చెప్పుకుంట" అంది. రిపోర్టులో ఈ విషయం రాసి, మొదటి ఆరు నెలలు తిండి దగ్గర, నీళ్ల దగ్గర గమనించాలి అని ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఇలా రాస్తే అప్రూవల్ ఆగిపోతుందని ఆఫీసులో ఒకరన్నారు. ఆగలేదు. ఆగినా రాసేదాన్నే.

పిల్లలను ఈ దంపతులతో కలపడానికి నెల తీసుకున్నాం. బాలసదన్‌లో మూడుసార్లు కలిశారు, ఒక ఆదివారం ఇంటికి వెళ్లి వచ్చారు. కమిటీ ముందు అక్క పెట్టిన షరతు ఒకటే, తమ్ముణ్ని తెస్తేనే పోతాను. జిల్లా స్థాయి స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ అప్రూవల్ కమిటీ ఒప్పుకుంది. 2023 జూన్‌లో బడులు తెరిచే ముందు సంక్షేమ కమిటీ ఏడాదికి ఆర్డరు ఇచ్చింది. దంపతులు హామీ పత్రం మీద సంతకం పెట్టారు: కొట్టం, చెప్పకుండా ఇల్లు మారం, పిలిచినప్పుడు పిల్లలను తీసుకొస్తాం, ఆర్డరు వస్తే అప్పగిస్తాం. చివరి లైను దగ్గర ఆయన పెన్ను కాసేపు ఆగింది.

చీమలు

మొదటి మూడు వారాలు అందరూ సంతోషంగా ఫోన్ చేస్తారు. ఈ సంతోషాన్ని నేను నమ్మను. పిల్లలు కొత్త ఇంట్లో చుట్టాల్లా ఉంటారు. నాలుగో వారంలో పెద్దమ్మ ఫోన్: "మేడం, పరుపు కింద చీమలు పట్టినయ్." పరుపు ఎత్తితే తమ్ముడు దాచినవి బయటపడ్డాయి. ఎండిపోయిన చపాతీలు, బిస్కెట్లు, ఒక అరటిపండు నల్లగా కారిపోయి. దొంగతనమని ఆయన కోప్పడ్డాడు. పిల్లవాడు ఆ రాత్రి పక్క తడిపాడు. తర్వాత రోజూ తడిపాడు.

ఆకలి చూసిన పిల్లలు చాలామంది ఇలా దాస్తారు. కడుపు నిండినా భయం పోదు. నేను చెప్పింది చిన్న పని. వాడి పేరుతో ఒక డబ్బా పెట్టండి, వాడికి అందే ఎత్తులో. అందులో ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలి, అడగకుండా తీసుకోవచ్చు, ఖాళీ కాకముందే మీరే నింపాలి. పెద్దమ్మ ఒక పాల పొడి డబ్బా కడిగి సకినాలు పోసింది. మొదటి వారం రోజుకు మూడుసార్లు నింపాల్సి వచ్చింది. "నూనె ప్యాకెట్లు ఎన్ని పడుతున్నయో ఎరికేనా" అని నవ్వింది. రెండో నెల చివరికి డబ్బా రెండు రోజులకు ఒకసారి నిండేది. పరుపు కింద దాచడం మాత్రం దీపావళి దాకా పూర్తిగా మానలేదు. పక్క తడపడం గురించి అసలు మాట్లాడొద్దన్నాను, ముఖ్యంగా ఆయన తల్లి ముందు. పరుపు మీద ప్లాస్టిక్ షీటు వేసి, రాత్రి పదింటికి ఒకసారి లేపమన్నాను. డ్యూటీ లేని రోజుల్లో ఆయనే లేపేవాడు.

అక్క సంగతి ఇంకా కష్టం. చీమలు పట్టవు కాబట్టి కనబడదు. తమ్ముడికి అన్నం ఆమే కలిపేది, ఆమే దువ్వేది, రాత్రి తలుపు గడియ ఆమే రెండుసార్లు చూసేది. పెద్దమ్మ దువ్వెన పట్టుకుంటే లాక్కునేది. "నేను దువ్వుతనంటే వాడు తల ఇయ్యడు, అక్కే కావాలంటడు. నేనేమన్న పరాయిదాన్నా?" అని పెద్దమ్మ ఏడ్చింది.

ఇక్కడ చాలా కుటుంబాలు ఒక తప్పు చేస్తాయి. పాపం చిన్నపిల్ల, ఇంక బాధ్యతలెందుకు అని మొత్తం లాగేసుకుంటాయి. ఆ పిల్లకు అది బరువు దించడంలా అనిపించదు. రెండేళ్లుగా తమ్ముణ్ని బతికించింది తనే. ఆ పని పోతే తనెవరు? అందుకని పంచుకోమన్నాను. ఆదివారం తలంటు అక్కది, మిగతా రోజుల దువ్వడం పెద్దమ్మది. రాత్రి గడియ ఇద్దరూ కలిసి చూడాలి. అక్కకు వేరే పని ఒకటి ఇవ్వండి, తమ్ముడితో సంబంధం లేనిది, తన కోసం తను చేసుకునేది అన్నాను. పెద్దమ్మ కుట్టు మిషన్ దగ్గర కూర్చోబెట్టి కాజాలు నేర్పింది. దసరాకు అక్క లంగాకు హుక్కులు తనే కుట్టుకుంది, వంకరగా.

ప్లేట్లు

రెండో నెల నేను వెళ్లినప్పుడు వంటింట్లో స్టాండు మీద కాకుండా పక్క అరుగు మీద రెండు స్టీలు ప్లేట్లు, రెండు గ్లాసులు కనిపించాయి. అడిగితే పెద్దమ్మ మొహం మాడిపోయింది. అత్త పెట్టించిందట. పిల్లలు తాము తిన్నవి తామే కడిగి అక్కడ పెడుతున్నారు. రెండు నెలలుగా. అక్క నాకు ఒక్క మాట చెప్పలేదు. బాబాయి ఇంట్లో పత్తి చేల సంగతి కూడా ఆమె చెప్పలేదు కదా, రిజిస్టరే చెప్పింది.

ఆ రోజు నేను కూర్చోలేదు. ఈ ప్లేట్లు ఇలాగే ఉంటే పిల్లలను వచ్చే వారం తీసుకెళ్తాను అన్నాను. ఆయనకూ ఫోన్ చేశాను, డిపోలో ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఇంట్లో ఉన్న ప్లేట్లన్నీ ఒకే స్టాండులో పెట్టాడట. తల్లి ఆ రాత్రి తినలేదట. వారం తర్వాత చెప్పకుండా వెళ్లాను. స్టాండులో ఏ ప్లేటు ఎవరిదో తెలియకుండా కలిసిపోయి ఉన్నాయి. ముసలామె మాత్రం అందరికంటే ముందే తినేసి అరుగు మీదికి పోతోంది. దాని గురించి నేను ఏమీ అనలేదు. ఆమె తన ప్లేటు వేరు చేసుకోవచ్చు గానీ పిల్లల ప్లేటు వేరు చేయకూడదు. ఇది సరైన గీతేనా అని నా తోటి ఉద్యోగి ఒకామె ఇప్పటికీ వాదిస్తుంది.

పిలుపు సంగతి కూడా ఈ ముసలామే తేల్చింది. పిల్లలు ఆంటీ అనేవాళ్లు. మూడో నెలలో తమ్ముడు ఒకసారి "అమ్మా, నీళ్లు" అన్నాడు. అక్క వాడి చెంప మీద కొట్టింది. "మనకు అమ్మ ఉంది" అంది. పెద్దమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. అరుగు మీదినుంచి ముసలామె గదిమింది: "పెద్దమ్మ అని పిలువున్రి. అయిపాయె." అంతే, అదే నిలబడింది. ఆయన పెద్దబాపు అయ్యాడు. అమ్మ అనిపించుకోకుండా దూరం పెట్టడానికే ఆమె అలా అందేమో, నాకు తెలియదు. కానీ మా కౌన్సెలింగ్‌లో ఎవరికీ తోచని పరిష్కారం అది. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క. ఆ పిలుపులో అమ్మ చోటు అమ్మకే ఉంది.

డబ్బులు, కాయితాలు

కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లకు నెలకు 4,000 రూపాయలు. పాత పథకంలో 2,000 ఉండేది. పెద్దబాపు మొదట వద్దన్నాడు: "పైసల కోసం తెచ్చుకున్నమంటరు మేడం." చాలా మంచి కుటుంబాలు ఇదే అంటాయి. నేను గట్టిగానే చెప్పాను. అవి మీకిచ్చే జీతం కాదు, పిల్లల హక్కు. రేపు వాళ్లు ఈ ఇల్లు వదిలి వెళ్లినప్పుడు చేతిలో ఏదైనా ఉండాలి. ఖాతా తెరిచాం. ఇక డబ్బులు రావడం మాట: మొదటి విడత ఎనిమిదో నెలలో పడింది, బకాయిలన్నీ కలిపి. ఆ ఎనిమిది నెలల యూనిఫాం, బూట్లు, ఆటో ఖర్చు పెద్దబాపు జీతంలోంచే. జీతమున్న ఇల్లు కాబట్టి నడిచింది. రోజు కూలీ చేసే ఇల్లయితే నేను ఏ మొహం పెట్టుకొని పోయేదాన్నో.

కాయితాల దగ్గర ఒక తప్పు జరిగింది. దాన్ని దిద్దడానికి ఐదు నెలలు పట్టింది. ఫోస్టర్ కేర్‌కు ముందుకొచ్చే ప్రతి ఇంటికీ ఇప్పుడు నేను మొదటి రోజే చెప్పే సంగతి అదే. బడిలో చేర్చేటప్పుడు గుమస్తా తండ్రి పేరు గడిలో పెద్దబాపు పేరు రాసేశాడు, ఇంటిపేరుతో సహా. పెద్దబాపుకు లోలోపల సంతోషమే, దిద్దమని అడగలేదు. అది అలాగే ఉంటే రేపు కుల పత్రం కుదరదు, తండ్రి పొలం విరాసత్ (వారసుల పేరుకు మార్చడం) దగ్గర చిక్కు, పదో తరగతి మెమో మీద తప్పుడు పేరు. తండ్రి పేరు తండ్రిదే ఉండాలి. ఆధార్ చిరునామాలో కేరాఫ్ అని పెంచేవాళ్ల పేరు పెట్టుకోవచ్చు. బడి ఫారంలో సంరక్షకుడు అన్న గడి ఉంటుంది, పెంచేవాళ్ల పేరు అక్కడ రాయాలి. కమిటీ ఆర్డరు జిరాక్సులు పది తీసి ఇంట్లో పెట్టుకోండి. ఆసుపత్రిలో, బడిలో, మీసేవలో ప్రతిచోటా "మీకేమవుతారు?" అని అడుగుతారు. ఆ కాయితమే జవాబు.

సపోర్టు గురించి అడిగేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్తాను. నెలకొకసారి తనిఖీ ఉండాలని చట్టంలోనే ఉంది. మా జిల్లాలో అది చాలావరకు నా స్కూటీ మీద నడుస్తుంది. కౌన్సెలర్ ఉంది, ఒక్కతే. 1098 రాత్రి కూడా ఎత్తుతారు. పెంచేవాళ్లకు నాలుగు రోజులు విరామం ఇచ్చే ఏర్పాటు మా దగ్గర లేదు. లేనిదాన్ని ఉందని చెప్పను. దాని బదులు మాకున్న మూడు ఫోస్టర్ కుటుంబాలను కలిపి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. మొదట గుడ్ మార్నింగ్ పువ్వులే వచ్చేవి. తర్వాత ఒకామె, వాళ్లింటి పిల్ల అద్దం పగలగొట్టిందని ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పెట్టింది. మా పెద్దమ్మ జవాబు పన్నెండు నిమిషాలు. నా మూడు విజిట్లకంటే ఆ పన్నెండు నిమిషాలు ఎక్కువ పనిచేశాయి.

తల్లి

మందులతో తల్లి కోలుకుంది. 2023 చివరికి అమ్మమ్మ దగ్గరికి వచ్చేసింది. 2024 జనవరిలో మొదటిసారి పిల్లలతో కలిపించాను. ఇది నేను చెడగొట్టిన పని. కమిటీ ఆఫీసులో, ఇనుప కుర్చీల్లో, గంట టైము పెట్టి, ఎవరినీ ముందుగా సిద్ధం చేయకుండా. ఏడాది చూడని తల్లి. మందుల వల్ల ఒళ్లు వచ్చింది, మాట నెమ్మదించింది. తమ్ముడు గుర్తుపట్టక పెద్దమ్మ కొంగు వెనక దాక్కున్నాడు. తల్లి అది చూసి, "నా పిల్లలను గుంజుకున్నరు" అని నేల మీద కూలబడింది. అక్క ఇద్దరి మధ్యా నిలబడి ఎటు పోవాలో తెలియక గోడ వైపు తిరిగింది. ఆ రాత్రినుంచి తమ్ముడు మళ్లీ పక్క తడిపాడు. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, ఆమెను మళ్లీ రానివ్వద్దు అంది. ఆమె అలా అనడంలో ఆశ్చర్యం లేదు.

రెండు నెలలు ఆగాం. ఈసారి ముందు పెద్దమ్మను ఒక్కదాన్నే అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లాను, కమిటీకి చెప్పి. కోపంతోనే వచ్చింది. రేకుల ఇంట్లో, గోడకు మేకు కొట్టి, తల్లి తన మందుల చీటీ తగిలించుకుంది. పక్కనే పిల్లల పాత ఫొటో. తల్లి చాయ్ పెట్టింది, చేయి వణికి సగం సాసర్‌లో పోయింది. పెద్దమ్మ సాసర్ ఎత్తి తాగేసింది. తాగి, మంచం మీద కొంచెం జరిగి, "కూసో చెల్లె" అంది. పిల్లవాడు సకినాలు ఎంత తింటాడో, అక్కకు లెక్కలంటే ఎంత భయమో చెప్పడం మొదలుపెట్టింది. నేను బయటికొచ్చి నిలబడ్డాను.

తర్వాతి కలయికలు ఆ ఇంటి ముందు వేపచెట్టు కిందే. ఇంటినుంచి టిఫిన్ బాక్సు పెద్దమ్మ తెచ్చేది, తినిపించేది తల్లి. ఈ వరస మేం చెప్పింది కాదు.

పేపరు వార్త

2024 ఆగస్టులో కొత్త ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల వార్త పేపర్లలో వచ్చింది. 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరివాళ్లు, పెళ్లి కానివాళ్లు, భర్త లేనివాళ్లు, విడాకులైనవాళ్లు కూడా పిల్లలను తీసుకోవచ్చు. ఒంటరి స్త్రీ అయితే ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా, ఒంటరి పురుషుడైతే మగపిల్లవాడినే. భార్యాభర్తలైతే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి. నాకు సంతోషంగానే ఉంది, ఫోన్లు పెరుగుతాయి అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పెద్దబాపు పేపరు కటింగుతో ఆఫీసుకు వచ్చాడు. ఒక్క లైను కింద గీత: రెండేళ్లు పెంచినవాళ్లు దత్తత కోరవచ్చు, ఇదివరకు ఐదేళ్లు ఉండేది. "జూన్‌కు మాకు రెండేండ్లు నిండుతయ్ మేడం."

ఆ నిబంధన చట్టపరంగా దత్తతకు విడుదలైన పిల్లలకే. కన్నవాళ్లు లేనివాళ్లకు, వదులుకున్నవాళ్ల పిల్లలకు. ఈ పిల్లలకు తల్లి ఉంది, బాగవుతోంది, పిల్లలు కావాలంటోంది. ఇదంతా చెప్పాను. ఆయన కటింగు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రెండు నెలలు నేను ఇంటికి వెళ్తే ఆయన డ్యూటీ వేయించుకునేవాడు. దత్తత కోసం వచ్చి ఫోస్టర్ కేర్ తీసుకున్న ఇళ్లలో ఈ ఆశ ఎక్కడో ఉంటుంది. దాన్ని నేను హోమ్ స్టడీలో "పరిష్కారమైంది" అని రాసేశాను. కాలేదు. ఇప్పుడు అలాంటి ఇళ్లకు, పిల్లలను ఇచ్చాక కూడా, ఆరు నెలలకోసారి ఇదే ప్రశ్న మళ్లీ వేస్తాను.

తిరిగి

2025 మార్చిలో సంక్షేమ కమిటీ తల్లిని, అమ్మమ్మను, పెంచినవాళ్లను, పిల్లలను విడివిడిగా విన్నది. తల్లి రెండేళ్లుగా ఒక్క నెల మందు మానలేదు. అంగన్‌వాడీ టీచరు, ఆశా వర్కరు వారానికోసారి చూసి వస్తున్నారు. ఓపిక లేదని నేను రాసిన అమ్మమ్మే ఈ ఇంటిని నిలబెట్టింది. మోకాళ్ల నొప్పితో నెలకోసారి బిడ్డను ఎర్రగడ్డకు తీసుకెళ్లి తెచ్చింది. అక్కను ఎక్కడుంటావని అడిగితే, "బడి అయిపోయినంక అమ్మ దగ్గర. సెలవులకు పెద్దమ్మ దగ్గర" అంది. తమ్ముడు అక్క ఎక్కడుంటే అక్కడ. ఏప్రిల్‌లో బడి ముగిసే రోజు దాకా ఉంచి, తర్వాత తల్లికి అప్పగించాలని ఆర్డరు. ఫోస్టర్ కేర్ డబ్బు ఆగి, స్పాన్సర్‌షిప్ కింద ఇద్దరికీ నెలకు 4,000 చొప్పున తల్లి ఇంటికి వచ్చేలా అదే రోజు ఫైలు పెట్టాను. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. వీళ్లది దరిదాపుల్లో కూడా లేదు. ఈసారి ఎనిమిది నెలలు ఆగొద్దని ఫైలు వెంట నేనే తిరిగాను.

వెళ్లే రోజు పెద్దమ్మ రెండు సంచులు సర్దింది. డబ్బా నిండా సకినాలు. ముసలామె అరుగు మీదినుంచి దిగలేదు. ఆటో కదిలేటప్పుడు మాత్రం తమ్ముణ్ని పిలిచి ఐదు వందల నోటు చొక్కా జేబులో కుక్కింది.

మా ఫారాల్లో పిల్లలను అప్పగించాక తల్లి ఇంటిని ఎన్నిసార్లు చూడాలో రాసుకునే గడి ఉంది. పెంచిన ఇంటికి మళ్లీ వెళ్లాలన్న గడి ఎక్కడా లేదు. పెద్దమ్మ పదిహేను రోజులు మిషన్ ముట్టలేదు. పెళ్లి బ్లౌజులు ఆగిపోయి కస్టమర్లు గొడవ చేశారు. నేను మూడుసార్లు వెళ్లాను, టూర్ డైరీలో వేరే పని రాసి. మొదటిసారి మాట్లాడలేదు. రెండోసారి, నా చేతిలో తమ్ముడి ఉతికిన నిక్కరు ఒకటి పెట్టి, మర్చిపోయాడు ఇచ్చెయ్యి అంది. మూడోసారి, మిషన్ మీదినుంచి తలెత్తకుండా, ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం బాగా కష్టమట కదా అని అడిగింది.

మొన్న బతుకమ్మకు పిల్లలు వచ్చారు, తల్లి కూడా. ఐదు రోజులున్నారు. తల్లి అరుగు దాకా వచ్చి ఆగిందట, పెద్దమ్మే లోపలికి తీసుకెళ్లింది. అన్నం ఎక్కడ తిన్నారు అని నేను అడగలేదు, అక్కే చెప్పింది: వంటింట్లో, అందరం.

ఇంకో ఏడేళ్ల పిల్లవాడు మా హోంలో ఉన్నాడు, ఎవరూ చూడ్డానికి రారు. పెద్దబాపు వారానికోసారి ఫోన్ చేసి వాడి సంగతి అడుగుతున్నాడు. పెద్దమ్మ మాత్రం సంక్రాంతి దాకా ఏమీ అడగొద్దంది. దరఖాస్తు నా డ్రాయర్లో ఉంది, తేదీ వేయలేదు.